రెండో సెట్టు ఎవరి సొత్తు?

రాండప్పా, దగ్గరికి జరగండి. కందికట్టె ఇంగా శానా ఉంది, మంట ఇప్పట్లో ఆరదు. చెనక్కాయలు ఆ నిప్పుల అంచున కాలనీయండి. నడిమంటలో వేస్తే పొట్టు మాడుతుంది, గింజ పచ్చిగానే ఉంటుంది. పెద్దోడా, ఆ ఫోను జేబులో పెట్టు. మధ్యాన్నం నుంచి టవర్ పని చేయలేదని నువ్వే అంటివి గదా, మళ్లీ మళ్లీ చూస్తే వస్తుందా? వచ్చేదాకా ఏమైనా అడగండి, చెప్తా.

"తాతా, మా కాలేజీలో ఒక పిల్లోడు చెప్పినాడు. రేడియో మార్కోనీది కాదంట, టెస్లాదంట. అమెరికా సుప్రీంకోర్టే అట్ల తీర్పు ఇచ్చిందంట. నిజమేనా?"

సగం నిజం నాయనా. తీర్పు వచ్చిన మాట నిజమే, 1943లో వచ్చింది. అయితే ఆ తీర్పు రేడియోను ఎత్తి టెస్లా చేతిలో పెట్టలేదు. ఆ వ్యాజ్యం కథ చెప్పాలంటే మునిగిపోయిన ఓడల కథ కూడా చెప్పాల. రెండూ ఒకే కాలంలో పక్కపక్కనే నడిచినాయి. ఒక పక్క పెద్ద పెద్ద కంపెనీలు ఈ యంత్రం మాదంటే మాదని కోర్టుల్లో కొట్లాడుకుంటా ఉండె. ఇంగో పక్క నడిసముద్రంలో సెట్టు ఆగిపోతే, కబురు పంపేదానికి రెండో దారి ఉందా లేదా అనేదాని మీద వేల ప్రాణాలు ఆధారపడి ఉండె. నేను పట్టాళంలో సిగ్నల్స్‌లో చేరి జబల్పూర్‌లో శిక్షణ తీసుకున్నప్పుడు మా ఉస్తాదులు ఈ ఓడల కథలు చెప్పేవాళ్లు. ఆ తర్వాత ధర్మవరంలో రేడియోలు బాగుచేసుకుంటా బతికిన కాలంలో, దొరికిన పుస్తకమల్లా చదివి మిగతాది తెలుసుకున్న్యా.

మీకు రేడియో అంటే కారులో పాటలు. నా చిన్నప్పుడు కనగానపల్లిలో రేడియో అంటే పెద్ద సంగతి. ఇంట్లో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టాల. కరెంటు లేని ఇండ్లలో లావు బ్యాటరీ మీద నడిపించేవాళ్లు. 1963లో కడప కేంద్రం మొదలైనాక మన సీమ మాట మన చెవికి దగ్గరైంది. వాన కబురు, చెనక్కాయ ధర, వార్తలు, హరికథ అన్నీ దాంట్లోనే. ఉన్నట్టుండి ఒక్కోసారి గొంతు ఆగిపోయేది. ఊపిరి బిగపట్టి కూర్చునేవాళ్లం. రొంతసేపటికి మళ్లీ పలికి, "అంతరాయానికి చింతిస్తున్నాం" అనేవాళ్లు. ఆ మాట వినని ముసలోడు ఈ జిల్లాలో ఉండడు. ఆ నడుమ కేంద్రంలో ఏం జరుగుతుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. పట్టాళంలో చేరినాక నాకు తెలిసింది. నడిచే ట్రాన్స్‌మిటర్ పక్కన ఇంగొకటి సిద్ధంగా ఉండాల. కరెంటు పోతే జనరేటర్ ఉండాల. మొదటిది చచ్చినప్పుడు రెండోదాని మీదికి మార్చే మనిషి మెలకువగా ఉండాల. ఈ మూడిట్లో ఏది లేకున్నా గొంతు తిరిగి రాదు.

మన బావుల మీద కపిలె తోలే కాలంలో మా నాయన కొత్త మోకు ఒకటి ఎప్పుడూ గిలక పక్కన చుట్టిపెట్టేవాడు. పాత మోకు తెగేది నీళ్లు సగం మడికి పారినప్పుడే. తెగినాక మోకు పేనుకుందామంటే పైరు ఆగదు. రెండో సెట్టు సూత్రం అంతకన్నా ఏం లేదు. తెలివితేటల్లో అది చిన్న సంగతే. దాన్ని లోకం చట్టంగా రాసుకునేదానికి మాత్రం ఎన్ని శవాలు లేయాల్సొచ్చిందో వినండి.

మొదట మనోడి సంగతి. 1895లో కలకత్తా టౌన్‌హాల్లో జగదీశ్ చంద్ర బోస్ తీగ లేకుండా అలలు పంపినాడు. అవి గోడలు దాటిపోయి అవతల గది‌లో గంట మోగించినాయి, మందుగుండు పేల్చినాయి. చూసినోళ్లలో బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ కూడా ఉన్నాడు. బోస్ వాడిన అలలు మిల్లీమీటర్ల పొడవు. ఇప్పుడు మీ 5జీ వాళ్లు పాకులాడేది ఆ చిన్న అలల కోసమే. అంత పని చేసినాయప్ప పేటెంటు మీద మనసు పెట్టలేదు. జ్ఞానం అమ్ముకునేది కాదని ఆయన నమ్మకం. 1901లో లండన్‌లో ఒక టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని పేటెంటు తీసుకోమని, లాభం పంచుకుందామని వెంటబడితే, ఆ సంగతంతా రవీంద్రనాథ్ ఠాగూర్‌కు జాబు రాసి బాధపడినాడు. చివరికి సిస్టర్ నివేదిత, అమెరికా ఆమె సారా బుల్ పట్టుబడితే ఒక్క దరఖాస్తు మీద చేయి పెట్టినాడు. అది 1904 మార్చి 29న అమెరికాలో మంజూరైంది. గలీనా అనే ఖనిజం ముక్కతో అలను పసిగట్టే సాధనం అది. ఆ హక్కు మీద ఆయన పైసా సంపాదించలేదు, గడువు తీరిపోనిచ్చినాడు.

మార్కోనీ దారి వేరు. ఆయప్ప 1896లోనే ఇంగ్లండులో పేటెంటుకు పెట్టినాడు, 1897లో కంపెనీ పెట్టినాడు. 1900 ఏప్రిల్ 26న ఇంగో పేటెంటు వేసినాడు, దాని నంబరు 7777. ఒక స్టేషన్ మాట ఇంగో స్టేషన్ మాటలో కలిసిపోకుండా, పంపే చోట రెండు వలయాలు, అందుకునే చోట రెండు వలయాలు ఒకే శ్రుతిలో కట్టే పద్ధతి అది. రేపు కోర్టులో రగిలేది ఇదే, గుర్తుపెట్టుకోండి.

అట్లాంటిక్ సముద్రం దాటి కబురు పంపాలని మార్కోనీ పట్టుబట్టినప్పుడు ఏమైందో తెలుసునా? ఇంగ్లండులో పోల్ధూ అనే చోట ఇరవై కొయ్య స్తంభాలు గుండ్రంగా నిలబెట్టి తీగలు కట్టినారు. 1901 సెప్టెంబరులో గాలివాన వచ్చి అన్నిటినీ కూల్చేసింది. అమెరికా పక్క కేప్ కాడ్‌లో కట్టిన స్తంభాలు నవంబరులో పడిపోయినాయి. ఇంగొకరైతే మరుసటేడు చూద్దాంలే అని కూర్చుండేవాళ్లు. మార్కోనీ పోల్ధూలో రెండే స్తంభాలు నిలబెట్టి, నడుమ తీగలు విసనకర్ర మాదిరి దింపి, తను న్యూఫౌండ్‌లాండ్ పోయి గాలిపటానికి తీగ కట్టి ఎగరేసి, డిసెంబరు 12న మూడు చుక్కలు విన్నానన్నాడు. మోర్స్‌లో అది ఎస్ అక్షరం. పెద్ద ఏర్పాటు కూలిపోతే చిన్న ఏర్పాటుతో పని గట్టెక్కించినాడు. ఆయప్పలో నాకు నచ్చేది ఆ పట్టుదలే. ఆ రోజు ఆయన అలను పసిగట్టేదానికి వాడిన పాదరసం కోహెరర్‌కు మూలం, 1899లో బోస్ లండన్ రాయల్ సొసైటీకి పంపిన వ్యాసంలో ఉందని 1998లో ఒక భారతీయ ఇంజనీరు ఆధారాలతో రాసినాడు. అందుకే నేను సగం నిజం అంటా ఉండేది. ఒక్కరి చేతిలో పుట్టిన యంత్రం కాదు ఇది.

"అట్లయితే మార్కోనీ మంచోడా, చెడ్డోడా తాతా?"

పాపా, మనిషిని తూకం వేసేది మన పని కాదు. ఆయన కంపెనీ చేసిన ఒక పని మాత్రం చెప్పాల. మార్కోనీ కంపెనీ ఓడలకు సెట్లు అమ్మేది కాదు, బాడుగకిచ్చేది. సెట్టుతో పాటు ఆపరేటర్‌ను కూడా తనే పంపేది. ఆ ఆపరేటర్లు పోటీ కంపెనీ సెట్టు పెట్టుకున్న ఓడతో మాట్లాడకూడదు. ఆపదలో ఉంటే సరే, మామూలు కబురైతే బదులు ఇయ్యకూడదు. 1902లో జర్మనీ రాజు తమ్ముడు హెన్రీ అమెరికా చూసి డాయిచ్‌లాండ్ అనే ఓడలో తిరిగి పోతా, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు కృతజ్ఞత చెప్తామని కబురు పంపబోయినాడు. ఆ ఓడలో ఉండేది జర్మన్ సెట్టు. మార్కోనీ స్టేషన్లు పలకలేదు. జర్మనీ రాజుకు కోపమొచ్చి 1903లో బెర్లిన్‌లో కొన్ని దేశాలను కూర్చోబెట్టినాడు. ఆ సభలో బ్రిటన్, ఇటలీ ఒప్పుకోలేదు. మళ్లీ 1906లో కూర్చుంటే, ఏ కంపెనీ సెట్టయినా ఒడ్డునున్న స్టేషన్ ఓడకు బదులు ఇయ్యాల్సిందే అని ఒడంబడిక రాసుకున్నారు. ఎస్ఓఎస్ అనే ఆపద సంకేతం కూడా ఆ కాగితంలోనే ఉంది. 1908 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది.

దీంట్లో మీరు పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. నీ ఓడలో సెట్టు చెడిపోతే నీకు రెండో దారి పక్క ఓడే. పక్క ఓడ సెట్టు వేరే కంపెనీదని మొహం తిప్పుకునే అలవాటు పడితే, ఆపద వేళ అయినా ఆ అలవాటు అడ్డం వస్తుంది. మామూలు రోజుల్లో పలకరించుకోని ఇద్దరు తుఫాను రాత్రి ఒకరి చప్పుడు ఒకరు గుర్తుపట్టలేరు. పేటెంటు తగాదా కోర్టులోనే ఉండిపోదు, అది గాలిలోకి కూడా వస్తుంది.

ఇంగ 1909 జనవరి 23 తెల్లారుజాము. అమెరికా తీరాన నాంటకెట్ దగ్గర మంచు కమ్మి ఉండె. రిపబ్లిక్ అనే పెద్ద ఓడను ఫ్లోరిడా అనే ఇటలీ ఓడ పక్క నుంచి గుద్దింది. ఇంజన్ గదిలోకి నీళ్లు వచ్చినాయి, డైనమోలు ఆగినాయి, ఓడంతా చీకటి. వైర్‌లెస్ గది గోడ చీలిపోయింది. జాక్ బిన్స్ అనే ఆపరేటర్, పాతికేండ్లు నిండని పిల్లోడు, చీకట్లో తడుముకుంటా బ్యాటరీలు వెతికి తెచ్చి తీగలు కలిపినాడు. ఆ బలానికి కబురు పోయేది కొద్ది దూరమే. ఆ దూరంలోనే సియాస్కాన్సెట్ అనే ఒడ్డు స్టేషన్ ఉండె. ఆ స్టేషన్ ఆపరేటర్ దాన్ని అందుకొని తన పెద్ద సెట్టుతో చుట్టుపక్కల ఓడలన్నిటికీ చేర్చినాడు. గంటల తరబడి మంచులో వెతికి బాల్టిక్ అనే ఓడ సాయంత్రానికి చేరుకుంది. రెండు ఓడల్లో కలిపి 1,500 మందికి పైగా బయటపడినారు. గుద్దుకున్నప్పుడు పోయిన కొద్దిమంది తప్ప అందరూ బతికినారు. చలిలో వేళ్లు కొంకర్లు పోతాంటే బిన్స్ మీట నొక్కుతానే ఉన్నాడు. రెండో కరెంటు ఎంత పని చేస్తుందో లోకమంతా చూసింది.

చూసి నేర్చుకున్నారా? లేదప్పా. 1910లో అమెరికా వాళ్లు చేసిన చట్టం పెద్ద ప్రయాణికుల ఓడల్లో వైర్‌లెస్ ఉండాల, ఆపరేటర్ ఉండాల అని చెప్పి ఊరుకుంది. రెండో కరెంటు మాట దాంట్లో లేదు. రాత్రంతా ఒకరు మెలకువగా ఉండాల అనే మాట కూడా లేదు.

రెండేండ్లకు టైటానిక్. ఆ కథ మీరు సినిమాలో చూసినారు, వైర్‌లెస్ గదిలో జరిగింది మాత్రం చూసుండరు. ఆ ఓడలో 5 కిలోవాట్ల పెద్ద మార్కోనీ సెట్టు, దాని పక్కన బ్యాటరీల మీద నడిచే చిన్న సెట్టు ఉండె. ఇద్దరు ఆపరేటర్లు, జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్. మంచుకొండను గుద్దేదానికి రెండు రోజుల ముందు, శుక్రవారం రాత్రి, పెద్ద సెట్టు చచ్చిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగల పైపూత కాలి, ఇనుప బోల్టులకు తగిలి కరెంటు అట్లే భూమిలోకి పోతాంది. చిన్న సెట్టుతో సర్దుకొని ఒడ్డు చేరినాక బాగు చేయిద్దాంలే అనుకోవచ్చు. వాళ్లిద్దరూ రాత్రంతా కూర్చొని, తప్పు యాడుందో వెతికి పట్టి, శనివారం తెల్లారి అయిదింటికల్లా నడిపించినారు. ఆదివారం అర్ధరాత్రి కబురు పంపింది ఆ బాగుచేసిన సెట్టే. ఓడ అడుగున ఇంజనీర్లు ఆఖరి నిమిషాల దాకా కరెంటు ఆరిపోకుండా కాపాడి అందరూ ప్రాణాలిచ్చినారు. ఫిలిప్స్ కూడా పోయినాడు. బ్రైడ్ బతికి, కాళ్లు మంచుకు దెబ్బతిన్నా, తమను ఎక్కించుకున్న కార్పాథియా ఓడలో మళ్లీ మీట దగ్గర కూర్చున్నాడు.

కార్పాథియా 58 మైళ్ల దూరంలో ఉండె. దానికన్నా దగ్గరగా కాలిఫోర్నియన్ అనే ఓడ మంచులో ఆగి ఉండె. దాంట్లో ఆపరేటర్ ఒక్కడే. పగలంతా పనిచేసి రాత్రి పదకొండున్నరకు చెవిగొట్టాలు పక్కన పెట్టి పండుకున్నాడు. మంచుకొండ తగిలింది పదకొండు నలభైకి. ఆ పిల్లోడి తప్పేం లేదు. ఇద్దరు ఉండాలని ఏ చట్టమూ చెప్పలేదు. ఏడు వందల మంది పైచిలుకు బతికినారు, 1,500 మంది దాకా పోయినారు.

నాలుగు నెలలు తిరగకముందే, 1912 జూలై 23న అమెరికా చట్టం మారింది. ఓడ ఇంజన్‌తో సంబంధం లేని రెండో కరెంటు ఉండాల. అది కనీసం నాలుగు గంటలు సెట్టును నడిపించాల. 100 మైళ్లు కబురు చేరాల. ఇద్దరు ఆపరేటర్లు వంతులేసుకొని రాత్రింబగళ్లు వినాల. 1914లో లండన్‌లో కొన్ని దేశాలు కలిసి ఓడల భద్రతకు ఒడంబడిక రాసుకున్నాయి. ఇప్పుడు మన విశాఖ రేవుకు వచ్చే ప్రతి పెద్ద ఓడలో రెండో సెట్టు, రెండో కరెంటు ఉంటాయంటే దాని మొదలు ఆడుంది.

ఆ చెనక్కాయలు తిప్పండి, ఒక పక్కే కాలుతున్నాయి. ఇంగ కోర్టు కథ.

ట్రయోడ్ అనే గాజు బల్బు తీసుకోండి. నేను బాగుచేసిన పాత వాల్వు రేడియోల్లో గుండెకాయ అదే. ఫ్లెమింగ్ అనే ఆయన 1904లో రెండు కాళ్ల వాల్వు పేటెంటుకు పెట్టినాడు, ఆ హక్కు మార్కోనీ కంపెనీది. డీ ఫారెస్ట్ అనే ఆయన దాంట్లో మూడోది, గ్రిడ్ అనే జల్లెడ పెట్టి ఇంగో పేటెంటు తీసుకున్నాడు. 1916లో అమెరికా కోర్టు ఏం చెప్పిందంటే, డీ ఫారెస్ట్ వాల్వు ఫ్లెమింగ్ హక్కును మీరుతుంది, మార్కోనీ కంపెనీ మూడు కాళ్ల వాల్వు చేస్తే డీ ఫారెస్ట్ హక్కును మీరుతుంది. దాంతో ఇద్దరిలో ఎవరూ చేయకూడదు! లోకానికి కావాల్సిన వస్తువు ఇద్దరి తగాదాలో ఇరుక్కుపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలోకి అమెరికా దిగినాక, ఎవరి పేటెంటైనా సరే పట్టాళానికి చేసియ్యండి, దావా వస్తే ప్రభుత్వం చూసుకుంటుందని భరోసా ఇచ్చినాకే ఫ్యాక్టరీలు కదిలినాయి. యుద్ధం అయినాక 1919లో ఆర్సీఏ అనే కంపెనీ పెట్టి, పెద్ద కంపెనీలు తమ పేటెంట్లు ఒకరివొకరు వాడుకునేట్టు ఒప్పందాలు రాసుకున్నాయి. అప్పుడే ఇండ్లకు రేడియో వచ్చింది.

మార్కోనీ అమెరికా కంపెనీ 1916లోనే అమెరికా ప్రభుత్వం మీద దావా వేసింది, మా పేటెంట్లు అడగకుండా వాడుకున్నారు, నష్టపరిహారం ఇయ్యండి అని. ఆ దావా ఇరవై ఏడేండ్లు నడిచింది. 1943 జూన్ 21న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ నాలుగు వలయాల శ్రుతి పేటెంటు ఉందే, దాంట్లో ముఖ్యమైన భాగాలు చెల్లవన్నారు. మార్కోనీకన్నా ముందే లాడ్జ్, టెస్లా, జాన్ స్టోన్ స్టోన్ అనే వాళ్ల పనిలో ఆ ఆలోచన ఉందన్నారు. ఫ్లెమింగ్ వాల్వు పేటెంటు కూడా చెల్లదన్నారు. లాడ్జ్ పేటెంటును ప్రభుత్వం మీరిందని కింది కోర్టు చెప్పిన మాట మాత్రం అట్లే నిలిచింది. ఆ హక్కు అప్పటికే మార్కోనీ కంపెనీ కొనుక్కోనుండె. మొదట రేడియో కబురు పంపి చూపించిన మనిషిగా మార్కోనీకి ఉన్న పేరు ఆయన తొలి పేటెంటు మీద ఆధారపడింది, దాని జోలికి మేం పోవడం లేదని న్యాయమూర్తులు తీర్పులోనే రాసినారు. మీ కాలేజీ పిల్లోడికి ఈ మాట చెప్పు పెద్దోడా. టెస్లాది గొప్ప బుర్ర, ఆయనకు దక్కాల్సిన గౌరవం దక్కాల. అయితే లేని తీర్పును ఉందని చెప్పి ఇచ్చే గౌరవం ఆయనకేం మేలు చేయదు.

తీర్పు వచ్చేనాటికి ఎవరున్నారు వినేదానికి? మార్కోనీ 1937లో పోయినాడు. ఆ ఏడే మన బోస్ పోయినాడు. లాడ్జ్ 1940లో. టెస్లా 1943 జనవరి 7న, న్యూయార్క్ హోటల్ గదిలో ఒంటరిగా. స్టోన్ ఆ మే నెలలో, తీర్పుకు నెల ముందు. ఎవరి పేరు ఎక్కడ రాయాల అని కాగితాలు తిరగేసే లోపల పేరున్నోళ్లంతా వెళ్లిపోయినారు.

"అట్లయితే పేటెంటు అనేదే వద్దా తాతా?"

వద్దనను. పేదింట్లో పుట్టినోడు ఒక మంచి సాధనం చేస్తే, డబ్బున్నోడు దాన్ని ఎత్తుకుపోకుండా కాపాడేది అదే. మన దేశంలో 1911 నాటి తెల్లోళ్ల చట్టం పోయి మన పేటెంట్ల చట్టం 1970లో వచ్చింది, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. దానికి దారి వేసింది న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక. ఆ చట్టం చదివితే పాత ఓడల గుణపాఠాలు కొన్ని అగుపిస్తాయి. దేశానికి అత్యవసరం వచ్చిందని కేంద్రం ప్రకటిస్తే 92వ సెక్షన్ కింద పేటెంటున్న వస్తువును వేరేవాళ్లు చేసేదానికి లైసెన్సు ఇయ్యొచ్చు, యజమానికి తగిన సొమ్ము ముట్టజెప్పాల. ప్రభుత్వ అవసరానికి వాడుకునే దారి 100వ సెక్షన్‌లో ఉంది. పరదేశం ఓడ కొద్దిరోజులకు మన రేవుకు వస్తే, దాంట్లో ఉండే యంత్రాల మీద ఇక్కడ పేటెంటు దావా పడకుండా 49వ సెక్షన్ కాపాడుతుంది. హక్కు ఇరవై ఏండ్లు, తర్వాత అది అందరిది. కనిపెట్టినోడికి పేరు దక్కాల, కూలి దక్కాల. ఆపదలో పలికే గొంతుకు మాత్రం ఆ హక్కు తాళం వేయకూడదు. ఇన్నేండ్ల బతుకులో నాకు నిలకడగా తోచిన మాట ఇది.

ఇదంతా పరదేశాల కథ అనుకోవద్దండి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. సముద్రం లేచి ఊళ్లకు ఊళ్లు ఊడ్చుకుపోయింది, పది వేల మందికి పైగా పోయినారు. టెలిఫోన్ తీగలు తెగిపోయి, ఆడ ఏం జరిగిందో బయటికి తెలియడమే ఆలస్యమైంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు సెల్ టవర్లు మూగబోయినాయి. అంత పెద్ద నగరంలో చేతిలో ఫోనుండీ అమ్మానాయనలు ఎట్లున్నారో పిల్లలకు తెలియలేదు. రెండు సిమ్‌లు ఉంటే రెండు దారులున్నట్టు కాదు నాయనా. రెండు కంపెనీల యాంటెనాలు ఒకే టవర్ మీద ఉండి, ఆ టవర్ కరెంటు ఒకటే అయితే, ఉండేది ఒకే దారి. రెండోది అంటే మొదటిదాంతో పాటు చావనిది. రిపబ్లిక్ ఓడలో బ్యాటరీలు పనికొచ్చింది అవి డైనమోతో ముడిపడి లేవు కాబట్టే.

2004 డిసెంబరు సంగతి చెప్తా. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అని ఒక సంస్థ ఉంది. దాని తరఫున భారతీ ప్రసాద్ అనే ఆమె కొంతమందితో కలిసి అండమాన్ పోయింది. ఆ దీవుల నుంచి హామ్ రేడియోలో, అంటే సరదాకు సొంతంగా నడుపుకునే సెట్టులో, ప్రపంచంతో మాట్లాడేదానికి ఎన్నో ఏండ్లు అనుమతి కోసం ప్రయత్నం చేసి సాధించుకుంది. డిసెంబరు 26 తెల్లారి పోర్ట్ బ్లెయిర్‌లో ఆమె రేడియోలో మాట్లాడుతా ఉండగానే భూమి కదిలింది. ఆ తర్వాత సునామీ. దీవుల ఫోన్లు పడిపోయినాయి. సరదా కోసం మోసుకుపోయిన ఆ సెట్లే బతికున్నోళ్ల కబుర్లు దీవుల నుంచి దేశానికి చేర్చినాయి. దాంట్లో ఏ కంపెనీ టవరూ లేదు, ఏ కంపెనీ తీగా లేదు. ఒక సెట్టు, ఒక బ్యాటరీ, ఒక తీగ, మీట తెలిసిన మనిషి. వందేండ్ల కిందట బిన్స్ దగ్గర ఉండిందీ ఆ నాలుగే.

మన మండలానికి సముద్రం లేదు, నిజమే. వాన ముఖం చూసేదే అరుదైన జిల్లా మనది. కానీ ఆ వాన ఒక్కోసారి ఒక్క రాత్రిలోనే వచ్చి చెరువు కట్ట మీదికెక్కుతుంది. పిడుగు పడి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అట్లాంటి రాత్రి కట్ట తెగుతాందని కింది ఊళ్లకు చెప్పాలంటే ఇప్పుడు మనకేముంది? అందరి జేబుల్లో ఫోనుంది, అందరి ఫోన్లకూ ఒకే టవరుంది.

కాబట్టి పెద్దోడా, పాపా, వినండి. హామ్ రేడియో లైసెన్సుకు పన్నెండేండ్లు నిండితే చాలు, కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ పరీక్ష పెడుతుంది. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కూడా అక్కరలేదు, కొంచెం విద్యుత్తు పాఠం, కొంచెం నియమాలు చదివితే సరిపోతుంది. పెద్ద గ్రేడు కావాలంటే మోర్స్ నేను నేర్పిస్తా, నా వేళ్లకు అది ఇంగా గుర్తుంది. పెద్దోడా, రేపు ధర్మవరం పోయినప్పుడు ఆ పరీక్ష దరఖాస్తు సంగతి ఆన్‌లైన్‌లో చూసి రా. లైసెన్సు చేతికొచ్చిన రోజు కారు బ్యాటరీ మీద నడిచే సెట్టు ఒకటి పంచాయతీ ఆఫీసులో పెడదాం. నెలకొకసారి కరెంటు ఆపేసి దాన్ని నడిపించి చూడాల. నడిపించి చూడని రెండో సెట్టు ఉన్నా లేనట్టే.